పర్లేదా గారి ఆరో పాట

మా బాబాయికి ఒక్కటే జబ్బు. అడక్కుండా ఏ పనీ చేయడు.

అడగడమంటే మీరూ నేనూ అడిగినట్టు కాదు. మనం మొహమాటానికి అడుగుతాం. ఎదుటివాళ్లు "అయ్యో, దానికేముంది" అనేలోపే ఆ పని చేసేసి ఉంటాం. బాబాయి అలా కాదు. అడిగి, జవాబు వచ్చేదాకా నిలబడతాడు. బస్సులో ఖాళీ సీటు కనిపిస్తే పక్కనున్న మనిషిని "ఇక్కడ కూర్చుంటాను, పర్లేదా?" అంటాడు. ఆ మనిషి చెవుల్లో పాటలు పెట్టుకుని వినకపోతే, దిగాల్సిన స్టాపు వచ్చేదాకా ఖాళీ సీటు పక్కనే నిలబడి ప్రయాణం చేస్తాడు. కుర్చీలో పిల్లి పడుకుంటే పిల్లిని అడుగుతాడు. పిల్లి జవాబివ్వదు. ఆ పూట బాబాయి గోడకానుకుని భోంచేస్తాడు. ఒకసారి మధ్యాహ్నం నేను ఒళ్లు తెలియకుండా నిద్రపోతుంటే భుజం తట్టి లేపి, "అమ్మాయ్, నువ్వు నిద్రపోతున్నావు కదా, ఫ్యాను కాస్త తగ్గిస్తాను, పర్లేదా?" అన్నాడు.

వీధిలో అందరూ ఆయన్ని "పర్లేదా గారు" అనేవాళ్లు. ఆ పేరు పెట్టింది మూలమీది మందుల షాపాయన. పెట్టేముందు ఇంటికొచ్చి, "మిమ్మల్ని అలా పిలుచుకుంటాం, పర్లేదాండీ?" అని అడిగాడట. బాబాయి కళ్లు చెమర్చాయట. జీవితంలో తనను ఎదురు అడిగిన మొదటి మనిషి అతనేనని ఇప్పటికీ చెబుతాడు.

మా పిన్ని దీనికి పూర్తిగా ఎదురు. ఆవిడ పళ్ల డాక్టరు. "నొప్పి పెడుతుందా డాక్టరుగారూ?" అని పేషెంటు అడగడం పూర్తయ్యేసరికి పన్ను ట్రేలో ఉంటుంది. ఇలాంటి ఇద్దరికి పెళ్లెలా అయిందని నేనోసారి పిన్నినే అడిగాను.

"పెళ్లి చేసుకుందామా అని అడగడం పర్లేదా అని అడగడానికి మూడేళ్లు పట్టిందే మీ బాబాయికి. ఆ మూడేళ్లూ లేని పన్నునొప్పి చెప్పుకుని నా దగ్గరికొచ్చేవాడు. నోరు తెరిచేవాడే గాని విప్పేవాడు కాదు. చివరికి ఓ రోజు మంచి పన్ను పట్టుకుని, ఇప్పుడు చెప్తారా, పీకమంటారా అన్నా. చెప్పాడు."

ఇలాంటి మనిషి ఏం పని చేసి బతకాలి? దొంగతనానికి పనికిరాడు, రాజకీయాలకు అసలే పనికిరాడు. బాబాయి ఏరి కోరి, అనుమతుల మీదే నడిచే వ్యాపారం పట్టుకున్నాడు. పాత పాటల రికార్డులు మళ్లీ వేయడం. బజారులోంచి ఎప్పుడో మాయమైపోయిన రికార్డు ఒకటి వెతికి పట్టుకోవాలి. దాని మీద హక్కు ఎవరిదో కనుక్కోవాలి. వాళ్లకు డబ్బు కట్టి అనుమతి తెచ్చుకోవాలి. గీతలూ గరగరలూ తీసేసి, కొత్త అట్టతో మూడొందల కాపీలు వేసి, అలాంటి పాటల కోసం తపించే మూడొందలమందికి అమ్మాలి. తిండిపోతు చేతికి వంటింటి తాళాలిచ్చినట్టయింది.

ఆఫీసు పిన్ని క్లినిక్ మీద మేడగదిలో ఉండేది. నేను అట్టలకు బొమ్మలు వేసేదాన్ని, ఉత్తరాలకు జవాబులు రాసేదాన్ని. జీతం నామమాత్రం. నామం మాత్రం పెద్దది: సహ సంపాదకురాలు. కింద పిన్ని డ్రిల్లు ఆన్ చేసినప్పుడల్లా పైన మా గాయకులందరికీ పన్ను నొప్పి వచ్చినట్టే వినిపించేది. అప్పుడు బాబాయి మెట్లు దిగి వెళ్లి, "ఏమోయ్, ఒక్క చరణం విని వస్తాం, కాస్త ఆపుతావా, పర్లేదా?" అనేవాడు. నోరు తెరుచుకుని పడుకున్న పేషెంటు ఆశగా తలూపేవాడు. పిన్ని ఊపేది కాదు.

ఇక అసలు కథ.

నలభై ఏళ్ల కిందట ఒక గాయని ఎనిమిది పాటలతో ఒకే ఒక్క రికార్డు ఇచ్చింది. తర్వాత పాడలేదు. ఆ రికార్డు కంపెనీ మూతపడింది. దాని బీరువాలూ, టేపులూ, ఎలుకలతో సహా అన్నిటినీ ఒక పెద్ద కంపెనీ కొనేసింది. టేపులు ఎలుకలు తినేశాయి గాని హక్కులు తినలేదు. హక్కులు భద్రంగా ఉన్నాయి. వాటికి ఒక అధికారిణి కూడా ఉంది.

బాబాయి, నేను వెళ్లాం. ఆవిడ గదిలో ఏసీ ఎంత చల్లగా ఉందంటే, అడగాల్సినవి సగం అక్కడే గడ్డకట్టాయి.

"ఎన్ని కాపీలు వేస్తారు?"

"మూడొందలండీ."

"మా దగ్గర కనీసం రెండువేలు. రెండువేలకి డబ్బు కట్టండి. మూడొందలే వేసుకోండి, మాకభ్యంతరం లేదు."

"మరి మిగతా పదిహేడొందలకి కట్టేది దేనికండీ?" అన్నాను నేను.

"వేయనందుకు," అందావిడ చిరునవ్వుతో.

పైగా ఏడాది గడువు. ఏడాదిలోపు రికార్డు బయటికి రాకపోతే అనుమతి రద్దు, కట్టిన డబ్బు గోవిందా. బయటికొచ్చాక నేను గొణుగుతుంటే బాబాయి, "చూశావా, ఎంత మర్యాదస్తురాలో! ఫ్యాను కింద కాగితాలు ఎగురుతాయి, ఏసీ వేస్తాను పర్లేదా అని అడిగింది," అన్నాడు.

మూడొందలమంది శ్రోతలు ముందే చందా కట్టారు. అది చాల్లేదు. తక్కువపడ్డది పిన్ని తన క్లినిక్‌కి కొత్త కుర్చీ కొందామని దాచుకున్న డబ్బులోంచి ఇచ్చింది. పాత కుర్చీ వెనక్కి వాలేదే గాని మళ్లీ లేచేది కాదు. పన్ను పీకడం ఒక ఎత్తు, పేషెంటును పైకి లేపడం ఒక ఎత్తు అయింది. కాంపౌండరు కాళ్లు పట్టుకుంటే పిన్ని భుజాలు పట్టుకునేది. "ఏం చేయమంటారండీ, నా కుర్చీ పాటల్లో కలిసిపోయింది," అని ఆవిడ పేషెంట్లకు చెప్పుకునేది.

డబ్బు కట్టాం, కాగితం వచ్చింది. ఇంకేం, ప్రెస్సుకు పంపేయడమే అనుకున్నాను. బాబాయి పాత రికార్డు కవరు భూతద్దం పెట్టి చూస్తున్నాడు. గాయని పేరు కింద చిన్నక్షరాలతో "సహకారం: వాద్యబృందం" అని ఉంది.

"వాద్యబృందం అంటే ఎవరే?"

"ఎవరో ఆరుగురుంటారు బాబాయ్."

"ఎవరో ఆరుగుర్ని ఎలా అడుగుతాం?"

"అసలెందుకు అడగాలి? కంపెనీ ఇచ్చిందిగా అనుమతి."

బాబాయి నన్ను, పిల్లిని అడక్కుండా కుర్చీలోంచి తోసేసినదాన్ని చూసినట్టు చూశాడు.

గాయని పోయి చాలా ఏళ్లయింది. ఆవిడ కూతురి దగ్గర ఒక పాత ఫొటో దొరికింది. దాన్ని పట్టుకుని బాబాయి ఊరూరా తిరిగి ఆరుగుర్నీ పట్టుకున్నాడు. ఒక్కొక్కరికీ శుభ్రంచేసిన పాటలు వినడానికి ఒక సీడీ, దాంతోపాటు ఒక ఫారం. ఆ ఫారం బాబాయి సొంత కవిత్వం. అందులో నాలుగు గళ్లు: "ఒప్పుకుంటున్నాను", "ఒప్పుకోను", "ఆలోచించి చెబుతాను", "ముందు కాఫీ తాగండి." నాలుగోది ఎందుకు బాబాయ్ అంటే, "జవాబు తెలీనివాళ్లకి కూడా ఒక గడి ఉండాలిగా" అన్నాడు. డ్రమ్ము వాయించినాయన నాలుగు గళ్లలోనూ టిక్కు పెట్టి, తాళం తప్పకుండా కింద సంతకం కూడా పెట్టాడు. రెండు నెలల్లో అయిదుగురు ఒప్పుకున్నారు.

ఆరో ఆయన ఫిడేలు మాస్టారు.

మూడో అంతస్తు. లిఫ్టు లేదు. బాబాయి మోకాళ్లు ఒక్కో మెట్టునూ అనుమతి అడుగుతూ ఎక్కాయి. తలుపు గొలుసు సందులోంచి ఒక కన్ను, చిరుగుల బనియను కనిపించాయి.

"ఏం కావాలి?"

"మీ అనుమతండీ."

"దేనికి?"

"ముందుగా, లోపలికి రావడానికి."

మాస్టారు జీవితంలో ఇలాంటి అమ్మకందారుణ్ని చూసి ఉండరు. అయోమయంలో తలుపు తీసేశారు. విషయం మొత్తం విన్నారు. "ఆరో పాట కూడా వేస్తున్నారా?" అని అడిగారు.

"అది లేకుండా ఎలాగండీ! అందరూ అడిగేదే ఆ పాట."

"అయితే ఒప్పుకోను."

ఎందుకో చెప్పించడానికి మూడు వారాలు పట్టింది. ఆరో పాట రెండో చరణంలో ఫిడేలు అందుకోవాల్సిన చోట మాస్టారు ఒక్క క్షణం ఆలస్యంగా అందుకున్నారు. ఒక్క క్షణమే. మళ్లీ వాయిస్తానంటే టైము లేదు పొమ్మన్నారు. ఆ రోజు ఇంటికెళ్లి ఫిడేలు పెట్టెలో పెట్టేసి, బళ్లో లెక్కల మాస్టారుగా చేరిపోయారు. లెక్కల్లో అయితే తప్పు చేస్తే కొట్టేసి మళ్లీ రాసుకోవచ్చు కదా అని.

మా సౌండు ఇంజినీరు, "అదెంత పని సార్, రెండు నిమిషాల్లో సరిచేస్తాను," అన్నాడు.

"తప్పు ఆయనది. దిద్దాలంటే ఆయన్నే అడగాలి," అన్నాడు బాబాయి.

అడిగాడు. మాస్టారు మండిపడ్డారు. "అంటే నలభై ఏళ్ల తర్వాత నేను సరిగ్గానే వాయించానని లోకానికి దొంగ లెక్క చూపిస్తారా? ఒప్పుకోను!"

"పోనీ ఆ పాట తీసేద్దామా?"

"ఆవిడ అంత బాగా పాడితే తీసేస్తారా? మీకు బుద్ధుందా? ఒప్పుకోను!"

అదీ వరస. దిద్దనివ్వరు, ఉంచనివ్వరు, తీసేయనివ్వరు. ప్రతి గురువారం సాయంత్రం నాలుగింటికి బాబాయి మూడంతస్తులు ఎక్కడం, ఆయన ఒప్పుకోననడం, ఆరింటికి ఈయన దిగడం. ఒప్పుకోననడానికి రెండు గంటలెందుకు పడుతుందో నాకర్థమయ్యేది కాదు. "ఆయన ఒప్పుకోకపోవడానికి కారణాలు చాలా ఉన్నాయే," అనేవాడు బాబాయి.

మేడగదిలో నాకు మాత్రం పిచ్చెక్కేది. చందాదార్ల ఉత్తరాలు కుప్పలు పడ్డాయి. ఒకాయన రాశారు: "నాకు ఎనభై ఒకటి. రికార్డు ఎప్పుడొస్తుందో కచ్చితంగా చెప్పండి. దాన్ని బట్టి నా ఏర్పాట్లు నేను చూసుకుంటాను." ఇంకొకావిడ తిట్టకుండా ఒక పాత ఫొటో పంపి, "డబ్బు కట్టినప్పుడు నేను ఇలా ఉండేదాన్ని" అని రాసింది. పది నెలలు గడిచాయి. ప్రెస్సువాళ్లకి మూడు వారాలు కావాలి. పదకొండో నెల కూడా నడుస్తోంది.

అప్పుడు పడింది పిడుగు.

ఓ రోజు బస్టాండులో నడుస్తుంటే ఒక సీడీల కొట్టు ముందు నా కాళ్లు ఆగిపోయాయి. నేను వేసిన బొమ్మ! మా రికార్డు అట్ట! చందాదార్లకు చూపించడానికి పంపిన నమూనా బొమ్మను కొట్టువాడు దించేశాడు. ఎంత శ్రద్ధగా దించాడంటే, దాని మీద నేను అడ్డంగా వేసిన "నమూనా మాత్రమే" అనే ముద్ర కూడా వదల్లేదు.

"ఇది అసలుదేనా?" అన్నాను.

"నూటికి నూరుపాళ్లు అసలుదమ్మా. త్వరలో దీనికి నకిలీ ఒకటి వస్తోందట, జాగ్రత్త. మూడొందల కాపీలే వేస్తున్నారట ఆ దొంగలు."

అప్పుడు ఆ మనిషి మొహం సరిగ్గా చూశాను. వాద్యబృందానికి ఇవ్వాల్సిన ఆరు సీడీలు నేను కాపీ చేయించింది ఇతని దగ్గరే. అతను మాత్రం నన్ను గుర్తుపట్టలేదు. రోజుకు వందమందిని ముంచేవాడికి అన్ని మొహాలూ గుర్తుండాలంటే కష్టమే మరి. ఆ క్షణంలోనే అతనికి కాపీరాయుడని పేరు పెట్టేసి, ఒక సీడీ కొనుక్కుని ఇంటికి పరిగెత్తాను.

పిన్ని అట్టను చూసి, "ఆ మనిషిని ఒక్కసారి నా కుర్చీలో పడుకోబెట్టండి. అదెలాగూ లేవదు," అంది.

బాబాయి సీడీని అటూ ఇటూ తిప్పి చూశాడు. "పాపం, అడిగే అలవాటు లేదేమో," అన్నాడు.

"పాపమా! బాబాయ్, మనకి ఇంకా నాలుగు వారాలే ఉంది. ఈ వారం ప్రెస్సుకు పంపకపోతే పిన్ని కుర్చీ, మూడొందలమంది డబ్బు, అన్నీ గంగలో కలుస్తాయి. వాడు ఎవర్నీ అడక్కుండా అమ్మేసుకుంటున్నాడు. నువ్వు మాత్రం ఆ మాస్టారు చుట్టూ ప్రదక్షిణాలు చేస్తూ కూర్చో!"

"వాడు అడగలేదని నేనూ అడగడం మానేస్తే, మరి నాదీ నకిలీయే కదే," అన్నాడు బాబాయి. "రేపు గురువారమేగా. చూద్దాం."

చూసే ఓపిక నాకు లేదు. మర్నాడు పొద్దున్నే, జీవితంలో మొదటిసారి బాబాయిని అడక్కుండా, మాస్టారి ఇంటికి వెళ్లాను. ఆయన ఇస్త్రీ చొక్కాలో ఉన్నారు. బల్లమీద బిస్కెట్లు పళ్లెంలో వరసగా సర్ది ఉన్నాయి. నేను నకిలీ సీడీ పెట్టి ఆరో పాట వినిపించాను.

"ఇది బస్టాండులో అమ్ముతున్నారు మాస్టారూ. మీ తప్పుతో సహా. మా బాబాయి మీ అనుమతి కోసం ఎనిమిది నెలలుగా మెట్లెక్కుతున్నాడు. ఆ మనిషికి మెట్లూ అక్కర్లేదు, మీరూ అక్కర్లేదు."

మాస్టారు ఎర్రబడిపోయారు. "ఎవడు వాడు? నన్నడక్కుండా నా తప్పు అమ్ముకుంటాడా? నా తప్పు నా సొంతం! పద!"

"చెప్పులు వేసుకోండి మాస్టారూ."

ఆటోలో బయల్దేరి, దార్లో బాబాయిని ఎక్కించుకున్నాం. చేసిన పని చెప్పాను. తిడతాడనుకున్నాను. "మాస్టారూ, మధ్యలో కూర్చుంటాను, పర్లేదా?" అని మాత్రం అన్నాడు.

బస్టాండులో ముగ్గురం దండయాత్రలా దిగాం. బాబాయి ముందుకెళ్లి, "అయ్యా, ఈ పాటలు వేసేముందు మమ్మల్ని అడగడం మర్చిపోయినట్టున్నారు. ఏం పర్లేదు, ఇదుగో ఫారం," అని నాలుగు గళ్ల కాగితం చాచాడు.

కాపీరాయుడు ఫారాన్ని కోర్టు నోటీసనుకుని రెండడుగులు వెనక్కి వేశాడు. "నా తప్పేముంది సార్? ఈ అమ్మాయి ఆరు కాపీలు చేయమంది. చేశాను. ఏడోది చేయొద్దని అనలేదుగా!" అప్పటికి గుర్తొచ్చాను నేను.

మాస్టారు నోరు తెరవబోతుండగా ఖాకీ చొక్కా వేసుకున్న ఒక బస్సు డ్రైవరు మా మధ్యలోంచి చెయ్యి దూర్చాడు. "ఆ పాటల సీడీ ఇంకోటి ఇవ్వవయ్యా. మొదటిది డిపోలో ఎవరో ఎత్తుకుపోయారు."

"దొంగసొత్తు దొంగలపాలు!" అన్నాను నేను.

"ఏ పాట కోసం కొంటున్నారు?" అన్నారు మాస్టారు, ఉండబట్టలేక.

"ఆరోదండీ. రెండో చరణంలో ఆ ఫిడేలు ఉంది చూశారూ, అది ఒక్క క్షణం తప్పిపోతుంది. ఎక్కాల్సినవాడు రాలేదని బస్సు ఆపుకుని చూస్తుంటామే, అలా ఉంటుంది ప్రాణానికి. అంతలో పరిగెత్తుకుంటూ వచ్చి ఎక్కేస్తుంది. అబ్బ! నేను రోజూ ఆ ఒక్క చోటు కోసమే వింటా."

"అది తప్పయ్యా!" అని అరిచారు మాస్టారు.

"ఎవరు చెప్పారండీ?"

"నేనే చెప్తున్నా. వాయించింది నేనే!"

డ్రైవరు ఆయన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. "అయితే మీకు తెలీదులెండి," అన్నాడు. "బస్సు నడిపేవాడికి కిటికీ పక్క సీటు సుఖం ఏం తెలుస్తుంది? వినేవాడి మాట వినాలి మీరు."

మాస్టారి నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. పిన్ని ఉంటే ఆ అదనులో రెండు పళ్లు పీకేసేది. డ్రైవరు డబ్బిచ్చి, హారను మోగుతుంటే వెళ్లిపోయాడు. మాస్టారు ఆ బస్సు మలుపు తిరిగేదాకా చూశారు. తర్వాత చెయ్యి చాచి, "కాగితం ఇలా తీయండి," అన్నారు బాబాయితో.

కాపీరాయుడి బల్ల మీదే, కాపీరాయుడి పెన్నుతోనే "ఒప్పుకుంటున్నాను" గడిలో టిక్కు పెట్టారు. కింద షరతు కూడా రాశారు: "ఆరో పాట దగ్గర నా పేరు ఇలా వేయాలి – ఫిడేలు (కొంచెం ఆలస్యంగా)."

బాబాయి కాపీరాయుడి వైపు తిరిగి, "మీ దగ్గర మిగిలిన సీడీలు మేం తీసుకెళ్తాం, పర్లేదా?" అన్నాడు. తన్నులకి సిద్ధపడి ఉన్నవాడు ఈ మర్యాదకు తట్టుకోలేక కట్టలన్నీ ఇచ్చేసి, టీ కూడా తెప్పించాడు. ఆ తర్వాత మా అసలు రికార్డులు ఒక నలభై తన కొట్లో అమ్మిపెట్టాడు. మిగతా పాటల నకిలీలు మాత్రం ఇప్పటికీ అమ్ముతున్నాడు. మనిషి మారిపోయాడని రాస్తే నేనూ నకిలీ కథ అమ్మినట్టవుతుంది.

గడువుకు నాలుగు రోజుల ముందు రికార్డు వచ్చింది. ఎనభై ఒకటో ఏటి పెద్దాయన ఎనభై రెండులో పడి, "ఏర్పాట్లు వాయిదా వేశాను" అని ఉత్తరం రాశారు. కాపీరాయుడి నలభైతో కలిపి రెండోసారి కూడా కాపీలు వేయాల్సి వచ్చింది. వేసినా వేయకపోయినా రెండువేలకు డబ్బు కట్టే ఉన్నాం కదా! పిన్నికి కొత్త కుర్చీ వచ్చింది. అది లేస్తుంది కూడా.

ఒక కాపీ ఇవ్వడానికి హక్కుల అధికారిణి దగ్గరికి నేనొక్కదాన్నే వెళ్లాను. వాద్యబృందం ఆరుగురి పేర్లూ చూసి ఆవిడ ముచ్చటపడింది.

"వీళ్ల కాగితాల కోసమేనండీ ఇంత ఆలస్యం," అన్నాను, ఏదో గొప్ప పనిలా.

"అయ్యో, అవి మాకక్కర్లేదని మీ బాబాయిగారికి మొదట్లోనే ఫోనులో చెప్పానమ్మా. చట్టప్రకారం వాళ్లని అడగాల్సిన పనే లేదు. ఆయన 'తెలుసండీ' అన్నారు. 'ఆ సంగతి వాళ్లకు చెప్పకండి, పర్లేదా?' అని కూడా అడిగారు."

నేను ఇంటికి ఎలా వచ్చానో నాకే తెలీదు. మేడమెట్లు రెండేసి చొప్పున ఎక్కాను.

"బాబాయ్! అక్కర్లేదని నీకు తెలుసా?"

"తెలుసే."

"తెలిసీ పది నెలలు! పిన్ని కుర్చీ పణంగా పెట్టి! ఆయన అసలు కాదనడానికే వీల్లేదని తెలిసీ, ప్రతి గురువారం వెళ్లి కాదనిపించుకున్నావా?"

బాబాయి రికార్డు మీది దుమ్మును మెత్తటి గుడ్డతో తుడుస్తూ అన్నాడు. "ఆ ఆరుగుర్నీ అప్పట్లో ఎవరూ ఏమీ అడగలేదే. రమ్మన్నారు, వాయించమన్నారు, పొమ్మన్నారు. మనిషన్నాక నాకిష్టంలేదు పో అనే అవకాశం ఒక్కసారైనా ఉండొద్దూ? మాస్టార్ని చూశావుగా. మొదటివారం చిరుగుల బనియనుతో తలుపు తీశాడు. మూడోవారానికి చొక్కా తొడుక్కున్నాడు. ఏడోవారానికి బిస్కెట్లు తెప్పించాడు. ఇరవయ్యో వారం, ఎందుకు ఒప్పుకోడో నాకు వివరంగా చెప్పడానికని, పెట్టెలోంచి ఫిడేలు తీశాడు. తీసినవాడు మళ్లీ లోపల పెట్టలేదు. అంత కులాసాగా కాదనేవాణ్ని నేనింతవరకూ చూళ్లేదే. మధ్యలో ఎలా ఆపను?"

"గడువు దాటిపోయి ఉంటే?"

"అందుకే మీ పిన్నిని ముందే అడిగాను. నీ కుర్చీ పోవచ్చు, పర్లేదా అని."

నేను పిన్ని వైపు చూశాను. ఎప్పుడొచ్చిందో గుమ్మంలో నిలబడి ఉంది. చేతులకి ఇంకా గ్లవ్స్ ఉన్నాయి.

"ఏమన్నావు పిన్నీ?"

"ఏమంటాను? రెండు నిమిషాలు తిట్టి, పర్లేదన్నాను. కాదంటే ఈయన నా దగ్గరికి కూడా గురువారం గురువారం వచ్చేవాడు," అని దిగిపోయింది. కాసేపటికి కిందనుంచి ఎవరిదో కెవ్వుమనే కేక వినిపించింది. పాపం, ఆ పేషెంటును మాత్రం ఎవరూ అడిగి ఉండరు.

గోడ గడియారం మూడున్నర చూపించింది. బాబాయి లేచి, సంచీలో ఒక కొత్త ఫారం పెట్టుకున్నాడు.

"ఎక్కడికి? అంతా అయిపోయిందిగా!"

"రెండో ముద్రణలో మాస్టారి ఇంటిపేరు తర్వాత చుక్క పెట్టామే. ఆయన్నడగొద్దూ?"

నేనూ వెంట వెళ్లాను. మూడంతస్తులెక్కి, బాబాయి మోకాళ్లు పట్టుకుని తలుపు తట్టాడు. మాస్టారు తలుపు తీసి, కళ్లజోడు పెట్టుకుని, కొత్త అట్టను కిటికీ వెలుతురులో చాలాసేపు పరిశీలించారు.

"చుక్క కొంచెం పెద్దదైంది," అన్నారు గంభీరంగా. "ఒప్పుకోను. ముందు కూర్చోండి."